శ్రీజకు తెలియని పండుగ

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఐదో తరగతి పిల్లలంతా పళ్లాలు పట్టుకుని బడి వరండాలో బారుగా కూర్చున్నారు. శ్రీజ మాత్రం పళ్లెం పక్కన పెట్టి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. మూత తీయగానే నెయ్యి, బెల్లం వాసన గుప్పుమంది.

"మలీద!" అన్నాడు అనిల్, అప్పుడే చెయ్యి చాపేసి.

రొట్టెలు పొడి చేసి, బెల్లం, నెయ్యి కలిపి కట్టిన ముద్దలవి. పీర్ల పండుగకు ఆ ఊళ్లో ప్రతి ఇంట్లో చేస్తారు. హిందువులూ చేస్తారు, ముస్లింలూ చేస్తారు. శ్రీజ వాళ్ల నాయన తిరుపతయ్య అయితే ఏటా పీరునే ఎత్తుకుంటాడు. రంగురంగుల గుడ్డలు కట్టిన వెండి పీరు పట్టుకుని ఆయన డప్పుల మధ్య నడుస్తుంటే శ్రీజ మెడ జానెడు పొడుగవుతుంది.

అందుకే పీర్ల పండుగ గురించి ఎవరు ఏమడిగినా శ్రీజ దగ్గర జవాబు సిద్ధం. ఆ మాటకొస్తే దేని గురించి అడిగినా సిద్ధమే. "నాకు తెల్సు" అనే మాట ఆమె నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది.

వరస చివర్లో కొత్తమ్మాయి మౌసుమి ఖాతూన్ కూర్చుంది. ఆమె ముందు పళ్లెం లేదు. వాళ్లది బెంగాల్. నాన్నకు పెబ్బేరు రోడ్డు మీది రైసు మిల్లులో పని. గౌస్ పాషా తాత ఇంటి వెనక గదిలో అద్దెకుంటారు. బడి తెరిచాకే వచ్చింది కాబట్టి ఆమెకు తెలుగు ఇంకా అంతంత మాత్రమే.

శ్రీజ ఒక ముద్ద తీసి ఆమె ముందు పెట్టింది. "తీస్కో మౌసుమీ. మీ పండుగే గదా!"

మౌసుమి ముద్ద వంక చూసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు. నేను... రోజా."

శ్రీజ పకపకా నవ్వింది. "రోజానా? రోజాలు రంజాన్‌ల ఉంటరు. గది ఎప్పుడో అయిపోయింది. నాకు తెల్సు!"

"మా ఇంట్లో ఈరోజు కూడా..."

"సరే గానీ, మీ ఊర్ల పీర్లు ఎన్ని?"

"పీర్లు అంటే... ఏంటి?"

పిల్లలు తినడం ఆపి అటు తిరిగారు. పీర్లు తెలియని ముస్లింను ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు.

"అలాయి గుంతల నిప్పులేసి దాని చుట్టు ఎగరరా మీరు?" అని అడిగింది శ్రీజ. మౌసుమి తల అడ్డంగా ఊపింది. "పోనీ, ఉర్దూ వస్తదా?"

"బెంగాలీ వస్తుంది," అంది మౌసుమి మెల్లగా.

ఇంకేం! మలీద తినదు, పీర్లు తెలియవు, ఉర్దూ రాదు. పేరు చూస్తే మౌసుమి. ఆ పేరుతో ఊళ్లో ముస్లింలు ఒక్కరూ లేరు. శ్రీజకు మొత్తం అర్థమైపోయింది, లేదా అర్థమైందని అనుకుంది.

"నువ్వు ముస్లింవే కాదు. అబద్ధాలు చెప్తున్నవ్. దొంగ ముస్లిం!"

పిల్లలు గొల్లుమన్నారు. అనిల్ ఆ మాటకు తాళం వేసి పాట కట్టాడు. సాయంత్రం బడి వదిలేసరికి అదే మౌసుమి పేరైపోయింది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని ఆ పిల్ల, సంచి గుండెకు హత్తుకుని ఒంటరిగా ఇంటికి నడిచింది.

దీపాలు పెట్టే వేళకు గౌస్ పాషా తాత శ్రీజ వాళ్లింటికి వచ్చాడు. ఊళ్లో పీర్ల చావిడి చూసుకునేది ఆయనే.

"తిరుపతీ, రేపు జల్ది రా. పీర్లకు గుడ్డలు కట్టాలె," అన్నాడు. వెళ్లబోతూ గడపలో ఆగాడు. "మా కిరాయిదార్ల పిల్ల ఇగ బడికి పోదంట. ఎవరో ఏమో అన్నరంట. నానమ్మ కాడికి పోతనని ఒకటే ఏడుపు. ఆదివారం మిల్లు మనుషులు బెంగాల్ పోతున్నరు. వాళ్ల ఎంబడి రైలెక్కిస్తరంట."

"అయ్యో! ఒక్కతే బిడ్డ గదా," అంది శ్రీజ వాళ్లమ్మ వసంత. "పిల్లను పంపించి ఆ తల్లి ఎట్లుంటది? ఏందే శ్రీజా, మీ క్లాసే గదా, ఎవరన్నరు?"

శ్రీజ మాట మార్చింది. "తాతా, గిప్పుడు గూడ రోజా ఉంటరా?"

"ఎందుకుండరు బిడ్డా? ఇయ్యాల, రేపు మొహరం రోజాలు ఉంటరు. మా అన్న కొడుకు అబ్రార్ లేడా? వాడు పీర్ల కాడికే రాడు, రోజా ఉంటడు. నేను పీర్లను సూసుకుంట. ఒక్క ఇంట్లనే రెండు తీర్లు."

శ్రీజకు తప్పు తనదేనని తెలిసింది. కానీ ఒప్పుకోలేదు. రేపు ఆ పిల్లే మర్చిపోతుందిలే అని సర్దిచెప్పుకుని ముసుగు తన్నింది.

మర్నాడు పండుగ సెలవు. హైదరాబాద్ నుంచి చిన్నమ్మ కొడుకు ఉదయ్ కిరణ్ వచ్చాడు. చావిడి ముందు తిరుపతయ్య పీరుకు గుడ్డలు కట్టడం చూసి వాడు ముక్కు మీద వేలేసుకున్నాడు.

"పెదనాన్న గిది మోస్తడా? మీరు అసలు హిందువులేనా?" అంటూ నవ్వాడు. "మా కాలనీల ఎవ్వరూ గిట్ల చెయ్యరు. మీరు దొంగ హిందువులు!"

శ్రీజకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. "మా తాత గూడ ఎత్తేటోడు! మా సంగతి నీకేం తెల్సు? అడిగినవా ఎవర్నన్న? ఏం తెల్వకుంట ఎందుకు మాట్లాడుతవ్?"

అన్నాక చప్పున ఆగిపోయింది. ఇవే మాటలు నిన్న మౌసుమి అనాల్సింది. ఆమెకు తెలుగు రాక అనలేకపోయింది, అంతే. శ్రీజకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంటికి పరుగెత్తింది. గిన్నెలో మలీద ముద్దలు పెట్టుకుని, మూత వేసి, గౌస్ పాషా తాత ఇంటి వెనక్కి వెళ్లింది. తలుపు దగ్గర మౌసుమి వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక ఒక సంచి, అందులో మడతపెట్టిన గౌన్లు కనిపించాయి.

"అందర్ ఆవో బేటీ," అని లోపలికి పిలిచిందామె.

"వద్దు ఆంటీ. రోజా అయ్యేదాక ఈడనే కూసుంట," అని శ్రీజ మెట్టు మీదే కూర్చుంది.

పొద్దు వాలింది. డప్పులు దగ్గరకొచ్చాయి. వీధి మొగలో పీర్ల సవారీ కదిలింది. నాయన పీరు పట్టుకుని నడుస్తుంటే పక్కన నడవడం శ్రీజకు ఏడాదికొక్కసారి వచ్చే సంబరం. కాళ్లు అటే లాగాయి. అయినా గిన్నె పట్టుకుని కదలకుండా కూర్చుంది.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. తలుపు తెరుచుకుంది. మౌసుమి చేతిలో ఖర్జూరాలున్నాయి. ఒకటి తను నోట్లో వేసుకుని, కొంచెం ఆలోచించి, ఒకటి శ్రీజకిచ్చింది.

శ్రీజ మూత తీసింది. "గిప్పుడు తినొచ్చా?"

మౌసుమి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. "తీపి," అంది.

"నిన్న నేను మాట్లాడింది తప్పు. నీ సంగతి నాకేం తెల్వదు. తెల్వకుండనే అన్న. సారీ మౌసుమీ. పోకు."

మౌసుమి ఖర్జూరం గింజను వేళ్ల మధ్య తిప్పింది. "బడిలో అందరూ మళ్లీ అంటే?" అని అడిగింది.

శ్రీజ గిన్నె ఇచ్చి, తల వంచుకుని ఇంటికొచ్చింది.

ఆదివారం మిల్లు మనుషులు వెళ్లిపోయారు. వాళ్లతో ఎవరెవరు వెళ్లారో అడగడానికి శ్రీజకు ధైర్యం చాలలేదు.

సోమవారం ప్రార్థన అయ్యాక, తరగతి గుమ్మంలో మౌసుమి కనిపించింది. చేతిలో శ్రీజ వాళ్ల గిన్నె. దాని నిండా మరమరాలు, వేయించిన శనగలు.

"దొంగ ముస్లిం వచ్చిందిరో!" అని పాట ఎత్తుకున్నాడు అనిల్.

శ్రీజ లేచి నిలబడింది. "ఆపు అనిల్. గా పేరు పెట్టింది నేనే. నేను తప్పు చేసిన. ఇగ ఎవ్వరూ గట్ల అనొద్దు." బెంచీ మీది సంచి తీసి కింద పెట్టి, మౌసుమికి చోటు చేసింది.

మౌసుమి వచ్చి కూర్చుంది. అనిల్ మరమరాల గిన్నెలోకి తొంగి చూశాడు. "మరి శ్రీజా, వాళ్ల ఊర్ల పీర్లు లేకుంటే పండుగ ఎట్ల చేస్తరు?"

అందరూ శ్రీజ వైపు తిరిగారు.

"నాకు తెల్వదు," అంది శ్రీజ.

అనిల్ నోరు తెరిచాడు. ఆ మాట శ్రీజ నోట వాడు ఎప్పుడూ వినలేదు.

"పక్కనే ఉంది గదా. ఆమెనే అడుగు."

మౌసుమి గిన్నె బెంచీ మధ్యలో పెట్టింది. ఒక్కో మాట వెతుక్కుంటూ మొదలుపెట్టింది. "మా ఊళ్లో... పెద్ద నది ఉంది. ఆ రోజు మా నానమ్మ..."

తర్వాతి మాట కోసం ఆమె ఆగింది. శ్రీజ ఆ మాట అందించలేదు. గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఆమె చెప్పేదాకా ఎదురుచూసింది.