ఆన్ మీద వేసిన తాళం

"కూర్చో," అన్నాడు చీఫ్.

పాదరసం కూర్చోలేదు. అతని అసలు పేరు ఫైల్లో ఉంది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిలిచేది మాత్రం ఇలాగే. కుర్చీలో కూర్చుంటే అతనికి ముళ్లమీద కూర్చున్నట్టే. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే బ్రీఫింగ్ విన్నాడు.

"టార్గెట్ డిజైనర్ గారు. మన రాడార్లకి కరెంటిచ్చే కొత్త జనరేటర్ ఆయన బుర్రలో పుట్టిందే. ఈ వారం ఫ్యాక్టరీలో దాని లోపల తిరిగే రోటార్ బిగిస్తారు. పద్దెనిమిది టన్నుల ఇనుము క్రేన్‌కి వేలాడుతుంది. విదేశీ ముఠా ఒకటి ఆయన్ని దాని కిందే లేపేయాలని చూస్తోంది. హత్యలా కాదు, యాక్సిడెంట్‌లా."

"క్రేన్ ఎవరు నడుపుతారు?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్క."

పాదరసం ఠక్కున ఆగాడు.

"అందుకే నిన్ను పంపుతున్నాను. అక్క సిఫారసుతో చేరిన తమ్ముణ్ణి ఎవరూ అనుమానించరు. ఎలక్ట్రీషియన్‌గా వెళ్లు. లోపల మన ఏజెంట్ ఒకావిడ ఉంది, కోడ్ నేమ్ సంపెంగ. 'మోటారు ఎందుకు వేడెక్కుతోంది?' అని అడుగు. 'గ్రీజు ఎక్కువైంది' అంటే ఆవిడే."

అమ్మ పోయాక పాదరసాన్ని పెంచింది అక్కే. తమ్ముడు ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండడని ఆవిడకి తీరని దిగులు. ఆ ఉద్యోగాల్లో ఒక్కటీ నిజం కాదని చెప్పే వీలు అతనికి లేదు. అది తలచుకున్నప్పుడల్లా అతనికి సిగ్గుగా ఉండేది.

ఫ్యాక్టరీలో మొదటిరోజే అక్క అతని చేతిలో ఒక ఎర్ర తాళం పెట్టింది.

"ప్యానెల్లో చెయ్యి పెట్టే ముందు కరెంటు మొత్తం తెంపే ఐసొలేటర్ హ్యాండిల్ కిందికి దించు. కరెంటు పోయిందో లేదో చూసుకో. నీ తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులోనే పెట్టుకో. ఇక్కడ కట్టుకున్న మొగుణ్ణయినా నమ్మం, తాళాన్నే నమ్ముతాం."

"అలాగేనక్కా."

"ఊరికే తలూపకు. చెవికెక్కిందా?"

సంపెంగని వెతకనక్కర్లేకపోయింది. డ్రైవ్‌ల కన్సల్టెంట్ వేషంలో, హెల్మెట్ కిరీటంలా పెట్టుకుని, మోటార్ల వేడి చూసే టెంపరేచర్ గన్ చేత్తో తిప్పుకుంటూ ఆవిడ నడిచొస్తుంటే, ఫిట్టర్ల చేతుల్లో పానాలు జారిపోతున్నాయి.

"మోటారు ఎందుకు వేడెక్కుతోంది?"

"గ్రీజు ఎక్కువైంది," అందావిడ నవ్వుతూ. "కంగారు పడకండి. క్రేన్ మొత్తం నేను చూసుకుంటాను."

ఆ మాటకి నిశ్చింతగా ఉండాల్సిన పాదరసానికి రెండురోజులు తిండి సహించలేదు.

రోటార్ ఎత్తే రోజొచ్చింది. పొద్దున్నే అక్క ఖాళీ కొక్కేన్ని పైదాకా ఎత్తి, దించి, కొక్కెం మరీ పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్ పనిచేస్తోందని చూసుకుంది. సైరన్ మోగింది. రోటార్ లేచి, షెడ్డు మధ్యదాకా ప్రయాణం చేసి, జనరేటర్ గోతి మీద ఆగింది.

"ఒక్క నిమిషం," అంటూ చెయ్యెత్తింది సంపెంగ. "బరువునెత్తే హాయిస్టు మోటారు వేడి చూసొస్తాను."

ఆవిడ నిచ్చెనెక్కి క్రేన్ మీదికి వెళ్లింది. కాసేపటికి ఆవిడ గొంతు వాకీటాకీలో పలికింది: "డిజైనర్ గారూ, గోతిలో రోటార్ కూర్చునే సీటింగ్ మీరొకసారి దగ్గర్నుంచి చూస్తే బావుంటుంది."

బరువు కింద ఎవరూ నిలబడకూడదన్నది అక్కడి మొదటి రూలు. ఆ రూలు రాసినవాళ్లలో డిజైనర్ గారూ ఒకరు. కానీ పసిబిడ్డని చూడబోయే తాతలా ఆయన గబగబా దిగిపోయాడు. సిగ్నల్ మ్యాన్ అరుపులు ఆయనకి వినపడనే లేదు.

పాదరసం అప్పటికే నిచ్చెన సగం ఎక్కేశాడు.

పైన హాయిస్టు ప్యానెల్. ఐసొలేటర్ హ్యాండిల్ పైకి ఉంది, అంటే ఆన్. దానికి తాళం వేసి ఉంది.

ఈ పనిలో తాళం దించిన హ్యాండిల్‌కే వేస్తారు, లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణానికి కాపలాగా. ఆన్‌లో వేసిన తాళం కరెంటు ఎవరూ ఆపకూడదని వేసిందే.

అప్పుడే మోటారు గుర్రుమంది. రోటార్ లేవసాగింది.

కింద క్యాబిన్లో అక్క అన్నీ ఆపే ఎర్ర బటన్‌ని గుద్దుతోంది. ఫలితం లేదు. రెండు చేతులూ గాల్లోకెత్తి అరిచింది: "నేను నొక్కలేదురా! దానంతటదే ఎక్కుతోంది!"

పాదరసం ప్యానెల్ తలుపు లాగాడు. లోపల మోటారుకి కరెంటు కలిపే రెండు కాంటాక్టర్లలో 'దించు' కాంటాక్టర్ అతుక్కుని ఉంది. ఎర్ర బటన్ మాట విననివ్వకుండా దాన్ని నొక్కిపట్టి, అగ్గిపెట్టెంత పరాయి డబ్బా. మోటారుకి వెళ్లే మూడు తీగల్లో రెండు తారుమారయ్యాయి. తీగలు మారితే మోటారు ఎదురు తిరుగుతుంది: దించాల్సింది ఎత్తుతుంది. లిమిట్ స్విచ్ ఆపేది 'ఎత్తు' కాంటాక్టర్నే కాబట్టి ఈ ఎక్కడాన్ని అది పట్టించుకోదు. కొక్కెం వెళ్లి తాడు చుట్టుకునే డ్రమ్ముకి గుద్దుకుంటుంది, తాడు తెగుతుంది. డిజైనర్ గారు పచ్చడైపోతారు, నింద అక్క నెత్తిన పడుతుంది.

"తెలివైనవాడివే," అంది వెనకనుంచి సంపెంగ. టెంపరేచర్ గన్ అతని వీపుకి గురిపెట్టి ఉంది. "ఇది వేడి చూడదు. పుట్టిస్తుంది."

"ఎవరి తరఫున?"

"పొద్దున మీ తరఫున. ఇప్పుడు వాళ్ల తరఫున. చేతులు కనపడనీ."

కొక్కేనికీ డ్రమ్ముకీ మధ్య బారెడు దూరం. మూరెడు.

అతని పక్కన చీపురు ఉంది, పొడుగాటి కర్ర పిడితో. 'ఎత్తు', 'దించు' కాంటాక్టర్లు రెండూ ఒకేసారి అతుక్కుంటే తీగలు కలిసిపోతాయి, ప్యానెల్ పేలుతుంది. అందుకే రెండూ కలవకుండా వైరింగ్‌లోనే అడ్డు పెడతారు. అయితే కర్రతో పొడిచేవాణ్ణి ఆ అడ్డు ఆపలేదు. చేయకూడని పనుల్లో మొదటిది అదేనని నేర్పింది కూడా అక్కే.

'క్షమించక్కా,' అనుకున్నాడు. మొహం పక్కకి తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, చీపురు కర్రతో 'ఎత్తు' కాంటాక్టర్ని పొడిచాడు.

మెరుపు. చెవులు చిల్లులు పడే చప్పుడు. ఫ్యూజులు ఎగిరిపోయాయి. కరెంటు పోగానే స్ప్రింగు బ్రేకు ఠప్పున పట్టుకుంది. కొక్కెం డ్రమ్ముకి జానెడు కింద ఆగిపోయింది.

కళ్లు మూసుకోవాలని తెలియని సంపెంగ, మొహం కప్పుకుని గన్ వదిలేసింది. పాదరసం ఆవిడ మణికట్లు చీపురు కర్రకే కట్టేశాడు.

కిందికి దిగేసరికి డిజైనర్ గారు గోతి బయట కూర్చుని ఉన్నారు. అక్క పరుగున వచ్చింది. తమ్ముడి మొహం నల్లగా మాడింది, కనుబొమ్మల్లేవు. లాగి ఒకటిచ్చింది. తర్వాత అందరి ముందూ వాణ్ణి పట్టుకుని భోరుమంది.

"చచ్చిపోయేవాడివి కదరా! నిజం చెప్పు, అసలేం ఉద్యోగం నీది?"

ప్రమాణం చేసిన రహస్యం నాలుకకి అడ్డంపడింది.

"ఇన్సూరెన్స్ కంపెనీలో అక్కా. ప్రమాదాలు జరక్కుండా చూడ్డానికి పంపుతారు."

అక్క అతన్ని తేరిపార చూసింది. చేతులు వెనక్కి విరిచి సంపెంగని తీసుకెళ్తున్న, చీఫ్ పంపిన నల్లకోట్ల వాళ్లనీ చూసింది. కొంగుతో అతని మొహమ్మీద మసి మెల్లగా తుడిచింది.

"సరే. అయితే ముందు నీ మీద ఒక పాలసీ తీసుకో. నామినీగా నా పేరు మాత్రం రాయకు. ఆ డబ్బు నేను ముట్టను."