బాపు గీకిన తుప్పు

ఆ రోజు పొద్దున చరిత స్కూలు బస్సు ఎక్కేదాకా ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. ఒక షూ దొరికితే రెండోది కనబడలేదు. చివరికి అది ఇంటి ముందున్న వ్యాన్‌లో మంచం కింద దొరికింది. వ్యాన్‌లో మంచమేమిటంటారా? అది అలాంటి వ్యాన్ మరి. లోపల మంచం, పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, అన్నీ ఉన్నాయి. దేశదేశాలు తిరుగుతూ ఖతార్ దాకా వచ్చిన ఒక తెల్లవాళ్ల జంట, ఇక తిరగలేమంటూ దాన్ని చరిత నాన్న గజేందర్‌కు అమ్మేసి విమానం ఎక్కారు. అప్పటినుంచి అల్ వక్రాలోని వాళ్ల అద్దె వాటా ముందు అది కొత్త అల్లుడిలా నిలబడి ఉంది.

బండి కొన్నది షోకుకు కాదు. లుసైల్‌లో గజేందర్ పనిచేసే కట్టడం సైటు ముగింపుకొచ్చింది. కంపెనీ మనుషులను ఇళ్లకు పంపేస్తోంది. చలికాలంలో కుటుంబాలను ఎడారి క్యాంపులకు తిప్పే మరో కంపెనీ మాత్రం, సొంత వ్యాన్ ఉంటే డ్రైవరుగా తీసుకుంటాం, పెళ్లాంబిడ్డలనూ ఇక్కడే ఉంచుకోవచ్చు అంది. కాకపోతే బండి గజేందర్ పేరు మీదికి రావాలి. బయటి దేశం బండి కాబట్టి ముందు దిగుమతి పన్ను, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. బండికున్న తాత్కాలిక అనుమతి గురువారంతో సరి. ఆలోగా పన్ను కట్టకపోతే బండి పోతుంది, బండి పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే భార్య స్వర్ణ బిడ్డను తీసుకుని ఊరి దారి పట్టాలి. ఈ మాటలు స్వర్ణకు నిద్రలో కూడా కంఠతా వచ్చు.

"రేపే తనిఖీ. కస్టమ్సోళ్లు కింద మీద అంత సూస్తరట," అని గొణుక్కుంటూ గజేందర్ డ్యూటీకి వెళ్లిపోయాడు.

స్వర్ణ చాయ్ గ్లాసుతో బయటికి వచ్చేసరికి, విజిట్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చిన మామ రాజన్న వ్యాన్ చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు.

"మామా, ముందట కింద తుప్పు పట్టింది సూడు. తుప్పుంటే ఫెయిల్ జేస్తరట. జర నువ్వు చెయ్యెయ్యరాదు?"

రాజన్న ముఖం వెలిగిపోయింది. వయసంతా గల్ఫ్‌లో నూనె ట్యాంకులకు, పైపులకు రంగులు వేసిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పటినుంచి సోఫాలో కూర్చోబెట్టి టీవీ రిమోట్ చేతికిచ్చినవాళ్లే తప్ప, ఒక పని చెప్పిన పుణ్యాత్ములు లేరు.

"అడగాల్నా బిడ్డా! తుప్పు మీద రంగేసుడంటే మసి మొకానికి పౌడరేసుడే. ఎండి లెక్క మెరిసేదాక గీకాలె. గప్పుడెయ్యాలె రంగు."

పక్క వీధి వెల్డింగ్ షాపులో ఇనుము గీకే గ్రైండరు అడిగి తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా ముందరి చక్రం పక్కనున్న ఇనుప దూలం వెండిలా తళతళలాడింది, సాయంత్రానికి నల్లగా నిగనిగలాడింది. "కొత్త బండి లెక్కైంది మామా!" అని స్వర్ణ మురిసిపోయింది. గజేందర్ అలిసిపోయి వచ్చి, తిని పడుకున్నాడు. బండి కిందికి వంగి చూసే ఓపిక అతనికెక్కడిది?

మర్నాడు మధ్యాహ్నం గజేందర్ బండి లేకుండా ఇంటికి వచ్చాడు. వెంట షఫీ ఉన్నాడు. కడప వైపు నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేస్తున్న షఫీ, ఈ కాగితాల పనంతా గజేందర్‌కు దగ్గరుండి చూపిస్తున్నాడు.

"బండేది?" అంది స్వర్ణ, చపాతీ పిండి చేతులతోనే.

షఫీ చెప్పాడు. "నిలబెట్టేసినారు వదినా. ఆఫీసరు టార్చి ఏసి కింద ఛాసీ ఇనుము మీద చెక్కిన నంబరు కోసం చూసినాడు. ఆ జాగాలో నున్నగా నల్లరంగు ఉండాది, నంబరు మాత్రం లేదు. కాయితంలో ఉండే నంబరు బండి మీద లేకుంటే అది దొంగబండో కాదో వాళ్లకెట్ల తెలుస్తాది? పన్ను కూడా కట్టించుకోం అన్యారు."

గజేందర్ చూపు తలుపు పక్కనున్న నల్లరంగు డబ్బా మీద పడింది.

"బాపూ, బండి కింద నువ్వేమన్న జేశినవా?"

రాజన్న సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "తుప్పుండె కొడుకా. గీకి రంగేశిన. తుప్పు కింద నంబరున్నదని నాకెర్కలేదు."

"ఎవలు జెయ్యమన్నరు నిన్ను?"

స్వర్ణ 'నేనే' అంటే సరిపోయేది. కానీ భర్త కళ్లు చూశాక నాలుక పైకి లేవలేదు. రాజన్న ఒక్క క్షణం కోడలి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఎవలు జెప్తరు? నాకే బుద్ధి పుట్టింది."

"నీ చెయ్యి పడ్డది ఏది బాగుపడ్డది బాపూ!" గజేందర్ అరిచాడు. "నా చిన్నతనమంత నువ్వు దుబాయ్‌లనే ఉంటివి. రెండేండ్లకొక్కపారి సుట్టం లెక్క అస్తివి. నా బిడ్డకు గట్ల ఫోన్ల అయ్యను కావద్దని నేను ఇంత తిప్పలవడ్డ. ఇయ్యాల నువ్వే అచ్చి నా బిడ్డను నాకు దూరం జేస్తివి!"

"అన్నా, పెద్దాయన్ను అట్ల అనగాకు," అని షఫీ చెయ్యి పట్టుకున్నాడు. కానీ అనాల్సినవన్నీ అయిపోయాయి. నోరు జారిన మాటను ఎవరు వెనక్కి తేగలరు?

బడి నుంచి వచ్చిన చరిత "తాతా!" అంటూ ఎగిరి మీదికి దూకబోతే, రాజన్న రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. "రంగున్నది బిడ్డా, అంటుతది," అన్నాడు. రంగు ఎప్పుడో ఆరిపోయింది, గోళ్ల సందుల్లో కాస్త నలుపు మిగిలిందంతే. ఆ రాత్రి రాజన్న అన్నం ముట్టలేదు. స్వర్ణ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రేపు చెబుతా, ఈయన కోపం చల్లారాక చెబుతా అనుకుంది. పిరికివాళ్ల రేపు ఎప్పుడూ ఒకరోజు దూరంలోనే ఉంటుంది.

తెల్లారేసరికి రాజన్న లేడు. దుప్పటి మడతపెట్టి ఉంది. ఫోను దిండు పక్కనే ఉంది. చెప్పులు లేవు, రంగు డబ్బా కూడా లేదు. ఇద్దరూ వీధి చివరిదాకా వెతికి వచ్చేసరికి స్వర్ణ ఫోను మోగింది.

"వదినా, పెద్దాయన నా రూముకొచ్చి, కస్టమ్స్ యార్డు కాడ దింపమని ఒకటే బతిమాలినాడు," అన్నాడు షఫీ. "దింపినాక చెప్పినాడు, నంబరు గీకింది నేనే, నన్ను జైల్లో పెట్టి కొడుకు బండి ఇడిసిపెట్టమంటా అని. నేను ఆపేలోగా లోపలికి పోయినాడు. అన్నను బిరీన తీసుకురా!"

చరితను పక్కింటివాళ్లకు అప్పగించి టాక్సీ ఎక్కారు. నంబరు చెరపడం చిన్న నేరం కాదని షఫీ నిన్ననే చెప్పాడు. ముసలాయన ఆ మాట విన్నాడు, విని మరీ వెళ్లాడు. స్వర్ణ ఇక ఓర్చుకోలేకపోయింది.

"మామకు జెప్పింది నేను."

గజేందర్ తల తిప్పాడు.

"తుప్పు తియ్యుమని నేనే అడిగిన. నిన్న నువ్వు అడుగుతే నాకు నోరు రాలే. మామ నా మీదికి రాకుంట జేశిండు. తిడితే నన్ను తిట్టు."

అతను తిట్టలేదు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "గంత మాటన్న స్వర్ణా. మా బాపును గంత మాటన్న," అంటూ టాక్సీ డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నా ఆగకుండా ఏడ్చాడు.

యార్డులో ఆఫీసరు బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులోంచి తీసిన రంగు డబ్బా, బ్రష్షు, అరిగిన గ్రైండరు బిళ్ల వరసగా పెట్టి ఉన్నాయి. వాటి ముందు రాజన్న, బేడీలు వేయమన్నట్టు మణికట్లు రెండూ చాపి, ఎప్పుడో నేర్చిన అరబ్బీ ముక్కలను ఏరుకుంటూ చెబుతున్నాడు. "అనా సవ్వీ! వలద్ మాఫీ సవ్వీ!" నేనే చేశాను, పిల్లాడు చేయలేదు అని.

స్వర్ణ ముందుకు ఉరికింది. వచ్చీరాని హిందీలో, "సాబ్, మైనే బోలా. గల్తీ మేరా," అంది, చెప్పింది తనే, తప్పు తనదేనని.

"గాడీ మేరా సాబ్. గల్తీ మేరా," అన్నాడు గజేందర్.

ఆఫీసరు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. నంబరు చెరిపినవాడు పారిపోవడం చూశాను గానీ, రంగు డబ్బా పట్టుకుని ఎదురు రావడం ఇప్పుడే చూస్తున్నానని హిందీలో అన్నాడు. నవ్వలేదు. బండిని ల్యాబుకు పంపుతాను, పైపైన గీకినా ఇనుము లోపల నంబరు ఆనవాలు ఉంటుంది, మందు రాస్తే తేలవచ్చు, తేలకపోతే మాత్రం నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. పెద్దాయన్ను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

తండ్రి చాపిన చేతులను గజేందర్ పట్టుకుని కిందికి దించాడు.

"బండినిస్తరా కొడుకా?"

"బండి పోతే పోనీ. నువ్వు నిన్నటిసంది బువ్వ తినలేదు. నడువు బాపూ."

గురువారం మధ్యాహ్నం దాకా ఏ కబురూ లేదు. చరితను బడికి పంపలేదు. కార్యాలయం మూసే వేళ దగ్గరపడుతుంటే స్వర్ణ సూట్‌కేసు దించి, ఎవరూ చెప్పకుండానే పిల్ల బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అప్పుడు గజేందర్ ఫోను మోగింది. అతను వింటూ వింటూ గోడకు చేరగిలబడ్డాడు.

"తేలిందట స్వర్ణా! నంబరు కాయిదంతోని కలిసిందట! కౌంటరు బందువెట్టకముందే రమ్మన్నరు!"

నలుగురూ పరుగెత్తారు. పన్ను కౌంటరు దగ్గర గుమాస్తా కార్డు మిషను ఇటు తిప్పాడు. గజేందర్ కార్డు తీసి, వెనక్కి తిరిగాడు. రాజన్న దూరంగా, గోడ దగ్గర, చేతులు వీపు వెనక పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాపూ, ఇటు రా. నీ చేతితోనే కట్టు."

"నా చెయ్యెందుకురా? మంచిది గాదు."

"గా చెయ్యి రంగులేస్తేనే నేను ఇంతటోన్నైన. నేను అనరాని మాటన్న, నువ్వు మనసుల వెట్టుకోకు. రా బాపూ."

రాజన్న కదల్లేదు. స్వర్ణ వెళ్లి మామ మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గోళ్ల సందుల్లో ఇంకా నలుపున్న ఆ చెయ్యి కార్డును మిషను మీద ఆనించింది. దాని కింద గజేందర్ తన చెయ్యి ఆసరాగా పెట్టాడు. మిషను కుయ్యిమంది.

"ఖలాస్," అన్నాడు గుమాస్తా.

"అయ్యిందా కొడుకా?"

"అయ్యింది బాపూ."

చరిత వచ్చి తాత చెయ్యి పట్టుకుంది. ఈసారి రాజన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు.