రోప్‌వే బ్రేకు చిప్పు

"రోప్‌వే కేబిన్ లోయ మధ్యలో ఆగిపోయింది. లోపల మన రాడార్ సైంటిస్టున్నాడు. పదకొండుకి బ్రేకు వదిలేస్తుంది." ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది.

"కరెంటు తీసేస్తే?"

"తీసినా వదిలేసేలా మార్చారు. బ్రేకును నడిపే మైక్రోకంట్రోలర్ చిప్పులో ఇప్పుడున్నది విదేశీ ముఠా ప్రోగ్రామ్. దాన్ని తుడిచేసి మనది ఎక్కించు. చిప్పు కంపెనీ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకు. ముఠా దాన్నీ చెడగొట్టింది. దాంతో ఏం తయారుచేసినా విషం కలుస్తుంది."

ఏజెంట్ తూనీగ ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు. ఆ కేబిన్‌లో అటెండరు అతని సొంత అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. తమ్ముడు మోటార్లు బాగుచేసుకుని బతుకుతున్నాడని ఆవిడ నమ్మకం.

మెకానిక్ వేషంలో మోటారు గదిలోకి అడుగుపెట్టాడు. చేతి బ్రేకు దగ్గర ముసలి మేస్త్రి నిలబడి ఉన్నాడు. పక్కనే నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు, ఒళ్ళో లాప్‌టాప్‌తో ఒక అందగత్తె కూర్చుంది.

"ఈ గదిలో ఉక్కగా ఉంది," అంది.

"కిటికీ తీస్తే దుమ్మొస్తుంది."

కోడ్ సరిపోయింది. ముఠాలోకి మనవాళ్ళు పంపిన ఏజెంట్ నెమలి ఈమే. "నీకోసమే తెచ్చాను," అంటూ ఒక యూఎస్‌బీ వైరు చేతికిచ్చింది.

తూనీగ తన లాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రామ్‌ను చిప్పు భాషలోకి మార్చే ఓపెన్ సోర్స్ కంపైలర్‌ను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేయడం మొదలుపెట్టాడు. నలుగురూ చదివే కోడ్‌లో విషం దాచడం అంత తేలిక కాదు. కానీ అది తయారవడానికి టైం పడుతుంది. తెర మీద వరసలు పాకుతుంటే అతను కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. కిటికీలోంచి కేబిన్ గాలికి ఊగుతూ కనిపించింది. అటు చూడకూడదనుకుంటూనే పదిసార్లు చూశాడు.

ఎట్టకేలకు కంపైలర్ వచ్చింది, ముక్కల్ని అతికించే లింకర్ వచ్చింది, ప్రోగ్రామ్ తయారైంది. వైరును లాప్‌టాప్‌కీ చిప్పున్న బోర్డుకీ తగిలించాడు. బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. కంప్యూటర్ మాత్రం బోర్డు కనిపించడం లేదంది.

పర్మిషన్లు మార్చాడు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాడు. చిప్పులోకి ఎక్కించే ఫ్లాషర్ టూల్‌ను మళ్ళీ బిల్డ్ చేశాడు. ఊహూఁ.

"నీ కంపైలర్‌లోనే ఏదో తేడా ఉంది," అంది నెమలి. "మళ్ళీ మొదట్నుంచి చెయ్యి."

"మొదట్నుంచా? టైమేదీ?"

విసుగ్గా ఆమె వైపు తిరిగాడు. ఆమె ఫోను ఇంకో వైరుతో ఆమె ఒళ్ళోని లాప్‌టాప్‌కి తగిలించి ఉంది. ఫోన్‌లోని ఫోటోలు తెర మీద వరసగా దిగుతున్నాయి. తూనీగ బోర్డుకున్న వైరు వైపు చూశాడు. లైటు వెలగడానికి కరెంటు చాలు, సమాచారం పోవాలంటే వేరే తీగలుండాలి. ఆమె ఇచ్చింది ఉత్త చార్జింగ్ వైరు! సాఫ్ట్‌వేర్ వాడి రోగం ఆమెకు బాగా తెలుసు: లోకంలో అన్నిటినీ అనుమానిస్తాడు, చేతిలో ఉన్న వైరును తప్ప.

"నువ్వు వాళ్ళ మనిషివి!"

ఆమె లిప్‌స్టిక్ తీసింది. అది తుపాకీ. తూనీగ ఆమె కూర్చున్న స్టూలును ఒక్క తన్ను తన్నాడు. తూటా పైకప్పుకి తగిలింది. ఆమె కింద పడగానే చేతులు వెనక్కి విరిచి ఆ చార్జింగ్ వైరుతోనే కట్టేశాడు. ఆమె ఫోన్ వైరు లాగి బోర్డుకి గుచ్చాడు.

కంప్యూటర్‌కి బోర్డు కనిపించింది.

"మేస్త్రీ! చిప్పు తుడుస్తున్నా. అది ఖాళీ అయితే బ్రేకు వదిలేస్తుంది, చేతి బ్రేకు పట్టుకో!"

"నా సత్తువున్నంతసేపే బాబూ, తొందరగా కానీ!" మేస్త్రి లివర్ మీద వాలిపోయాడు.

పాతది చెరిగింది. కొత్తది ఎక్కుతోంది. లివర్ జారుతోంది. కేబిన్ ఒక్క కుదుపుతో కదిలింది. "అక్కా!" అన్నాడు పైకే. సరిగ్గా పదకొండు కొట్టబోతుండగా తెర మీద 'వెరిఫైడ్' అని పడింది, బ్రేకు ఠపీమని పట్టేసింది.

కేబిన్ మెల్లగా స్టేషన్ చేరింది. నెమలిని మనవాళ్ళు పట్టుకుపోయిన కాసేపటికి చెదిరిన జుట్టుతో అక్క మోటారు గదిలోకి దూసుకొచ్చింది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"మోటారు... రిపేరుకొచ్చానక్కా." తూనీగ కళ్ళు తుడుచుకున్నాడు.

"అంటే ఇంతసేపూ మమ్మల్ని గాల్లో వేలాడదీసింది నువ్వా? చేతకాకపోతే చేతకాదని చెప్పి చావొచ్చుగా!"

దేశ రహస్యాలెన్నో కడుపులో దాచుకున్న తూనీగ, ఆ తిట్లకూ అక్కడే కాస్త చోటు చేశాడు.