అద్దం లోపలి ఆవిరి

సోమవారం సాయంత్రం నాలుగూ ఇరవై.

లారీ వెనక్కి వచ్చి కోల్డ్ స్టోరేజీ ప్లాట్‌ఫాంకి ఆనుకుని ఆగింది. లోడింగ్ పనివాడు పెద్ద తలుపు గడియ తిప్పి రెండు చేతులతో లాగాడు. తెల్లటి చలిగాలి అతని పాదాల మీదుగా బయటికి పారింది.

గడపకి నాలుగడుగుల దూరంలో స్టోర్ కీపర్ పడి ఉన్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. కుడిచేతిలో సెల్‌ఫోన్. కనుబొమల మీద మంచు.

లోపల మైనస్ పద్దెనిమిది డిగ్రీలు.

ఐదింటికల్లా ఎస్సై వచ్చింది. పదకొండేళ్ళ సర్వీసు. కేసు ఏదైనా మూడు రోజుల్లో తేల్చేస్తుందని పేరు. ఆ పేరంటే ఆమెకీ ఇష్టమే.

ఆమె ముందు తలుపు చూసింది. లోపలి నుంచి తెరిచే హ్యాండిల్ విరిగిపోయి ఉంది. అంటే ఎవరో బయటి నుంచి తలుపు వేశారు. మనిషి లోపలే ఉండిపోయాడు.

ఎవరు వేశారు? ఎప్పుడు?

"ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?" మేనేజర్‌ని అడిగింది.

"పదకొండున్నరకి మేడం." మేనేజర్ యజమాని చెల్లెలి భర్త. చొక్కా చేతులు మడిచి విప్పి, విప్పి మడుస్తున్నాడు. "పదకొండూ ముప్పై ఎనిమిదికి లోడు కోసం బస్తా తలుపు తీశాడు. మళ్ళీ వాడే వేశాడు. ఆ తర్వాత ఇదిగో, ఈ లారీ వచ్చేదాకా ఎవరూ తెరవలేదు."

"బస్తా ఎవరు?"

తలుపు లాగిన పనివాడు ముందుకొచ్చాడు. అందరూ అతన్ని బస్తా అనే పిలుస్తారు. మనిషి చూస్తే చీపురుపుల్ల.

"నువ్వు తలుపు వేసినప్పుడు ఆయన ఎక్కడున్నాడు?"

"బయటే ఉన్నాడు మేడం. పదకొండూ యాభైకి. నేను వేశాక గడియ సరిగా పడిందో లేదో ఆయనే లాగి చూశాడు."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"పొద్దున ఆయనతో గొడవ పడ్డావట."

బస్తా నేల చూశాడు. "దారికి అడ్డంగా పెట్టెలు పెట్టానని తిట్టాడు. రోజూ తిడతాడు. నేనూ ఏదో అన్నాను."

"ఏమన్నావు?"

దానికి జవాబు, పొద్దున కూడా లోడుకి వచ్చిన లారీ డ్రైవర్ చెప్పాడు. ఏదో ఒక రోజు నిన్ను లోపలే పెట్టి గడియ వేస్తాను పెద్దాయనా అని, ముగ్గురి ముందు నవ్వుతూ అన్నాడట.

ఎస్సై కెమెరా రికార్డింగ్ తెప్పించింది. ఉన్నది ఒకటే కెమెరా. లారీల నంబర్లు కనబడడానికి ప్లాట్‌ఫాం అంచు కింద, సరిగ్గా తలుపు ముందు బిగించారు. అది ముందున్న ఆవరణని చూస్తుంది. తలుపు దానికి వెనకా పైనా ఉంటుంది కాబట్టి తలుపు కనబడదు. అదైనా సరిగా లేదు. పదకొండూ నలభై రెండుకి బొమ్మ తెల్లబడిపోయింది. పన్నెండూ రెండుకి తేటపడింది. పన్నెండూ ఆరుకి బస్తా ఒక్కడే ఆవరణ దాటి ఎదురుగా ఉన్న పనివాళ్ళ షెడ్డుకి వెళ్ళాడు. మధ్యాహ్నం మళ్ళీ రెండుసార్లు తెల్లబడింది.

"లోపల తేమ చేరింది మేడం," అన్నాడు మేనేజర్. "రోజుకి నాలుగైదు సార్లు ఇలాగే అవుతుంది. పనికిమాలిన కెమెరా."

ఎస్సై అంతటితో ఆ రికార్డింగ్ మూసేసింది. ఫోన్ లాబ్‌కి పంపింది. బస్తాని జీపెక్కించింది.

మంగళవారం పది గంటలకి బస్తా అక్క స్టేషన్‌కి వచ్చింది. చేతిలో తమ్ముడికి అన్నం గిన్నె. అప్పటికి రెండు గంటలుగా ఎస్సై అడిగిందే అడుగుతోంది. బస్తా చెప్పిందే చెబుతున్నాడు.

"ఆయన బయటే ఉన్నాడు మేడం."

ఎస్సై అతని చెంప మీద కొట్టింది.

సంతకం కోసం వచ్చిన వాళ్ళు, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు, అందరూ తలతిప్పి చూశారు. బస్తా చెంప పట్టుకోలేదు. అక్క వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"వాడికి అమ్మా నాన్నా నేనే," అంది అక్క మెల్లగా. "నేను ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు మేడం."

గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూట ఎస్సైకి ముద్ద దిగలేదు. అది పని ఒత్తిడి అనుకుంది.

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఆమె హెడ్ కానిస్టేబుల్‌తో మళ్ళీ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. ప్లాట్‌ఫాం కింద ఒకతను గొంతుక్కూర్చుని కెమెరాకి స్క్రూడ్రైవర్ పెడుతున్నాడు.

"ఆగు. ఎవరు నువ్వు?"

"కెమెరా మెకానిక్‌ని మేడం. మేనేజర్ గారు అర్జెంటుగా బాగుచెయ్యమన్నారు."

"ఏం చేస్తావు?"

"విప్పి అద్దం తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో సన్న వేడిలో ఆరబెడతాను. తేమ పీల్చే సిలికా జెల్ సంచి ఒకటి లోపల పెడతాను. రబ్బరు రింగు మార్చి బిగిస్తాను. అంతే."

"అసలు తేమ లోపలికి ఎలా వెళ్ళింది?"

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"చెప్పు."

"నావల్లే మేడం. రెండు వారాల కిందట విప్పాను. అప్పుడు సన్నగా తుంపర పడుతోంది. పొడిగా ఉన్న రోజున విప్పాలి. ఇంకో రెండు చోట్లకి వెళ్ళాలని తొందరపడ్డాను. రబ్బరు రింగు చిట్లి ఉంది. చూశాను. చూసి కూడా అదే పెట్టి బిగించేశాను. సిలికా జెల్ సంచి పెట్టలేదు. కాగితం మీద ఓకే అని సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను ఈ పని. ఇప్పుడు ఒక మనిషి పోతే, చూద్దామంటే నా కెమెరాలో తెలుపు తప్ప ఏమీ లేదు."

ఎస్సై ఆవరణలోకి చూసింది. ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. సోమవారం కూడా ఇలాంటి ఎండే.

"లోపల తేమ ఉంది, సరే. మరి మిట్టమధ్యాహ్నం ఎండలో అద్దానికి ఆవిరి ఎందుకు పట్టింది?"

మెకానిక్ అద్దాన్ని వేలితో తాకి చూశాడు.

"పట్టకూడదు మేడం. తెల్లవారుజామున పడుతుంది, ఎండెక్కితే పోతుంది. అద్దం చల్లబడితేనే లోపలి తేమ దానికి అంటుకుంటుంది."

"ఎండలో అద్దం దేనికి చల్లబడుతుంది?"

ఇద్దరూ తలెత్తి పైన ఉన్న పెద్ద తలుపు వైపు చూశారు. ఆ తలుపు తీస్తే చలిగాలి గడప దాటి, ప్లాట్‌ఫాం అంచు మీదుగా, సరిగ్గా ఈ కెమెరా మీదికే దిగుతుంది.

"కెమెరా ముట్టుకోకు," అంది ఎస్సై. "హెడ్ గారూ, గడియారం చూడండి. తలుపు తీయించండి."

తలుపు తీసిన నాలుగో నిమిషానికి బొమ్మ తెల్లబడింది. పావుగంట అయ్యాక వేయించారు. వేసిన పన్నెండు నిమిషాలకి తేటపడింది. ఇంకోసారి ఐదు నిమిషాలే తెరిచారు. పల్చటి పొర పట్టి, తొందరగా పోయింది.

హెడ్ కానిస్టేబుల్ పెద్దవాడు. లోడింగ్ రిజిస్టర్, గత ఆరు రోజుల రికార్డింగ్ పక్కపక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. తెల్లవారుజామున పట్టినవి వదిలేశాడు.

"రిజిస్టర్‌లో ముప్పై ఒక్క లోడ్లు మేడం. కెమెరా ముప్పై మూడుసార్లు తెల్లబడింది. ఒక్క సోమవారమే లెక్క తప్పింది. ఆ మధ్యాహ్నం లోడు లేకుండా రెండుసార్లు తెల్లబడింది."

ఆ రెండూ ఎస్సై సోమవారమే చూసింది. చూసి మూసేసింది.

ఆరింటికి లాబ్ నుంచి ఫోన్ వివరాలు వచ్చాయి. ఆమె ఆ కాగితం నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

గురువారం పదకొండు గంటలు. ప్లాట్‌ఫాం మీద ఆరుగురు నిలబడ్డారు. యజమాని, మేనేజర్, మెకానిక్, హెడ్ కానిస్టేబుల్, బస్తా, అతని అక్క. బస్తా చేతులు కట్టుకుని అందరికీ వెనకగా ఉన్నాడు.

"ఈ కెమెరా పాడైందని అందరం అనుకున్నాం," అంది ఎస్సై. "తలుపు తీసినప్పుడల్లా తెల్లబడుతోంది, అంతే. సోమవారం పదకొండూ నలభై రెండుకి పట్టిన ఆవిరి బస్తా లోడుది. అతను చెప్పిన టైముకే తలుపు వేశాడు. ఒంటిగంటా తొమ్మిదికి మళ్ళీ పట్టింది. అంటే ఒంటిగంటా ఐదుకి ఎవరో తలుపు తీశారు. ఒకటీ నలభై మూడుకి తేటపడింది, అంటే ఒకటీ ముప్పై ఒకటికి వేశారు. మేనేజర్ గారూ, లారీ వచ్చేదాకా ఎవరూ తెరవలేదన్నారు మీరు."

"నేను చూడలేదు మేడం. ఆ బస్తాగాడే వచ్చి ఉంటాడు."

"షెడ్డు నుంచి తలుపు దగ్గరికి రావాలంటే ఈ ఆవరణ దాటాలి. పన్నెండూ ఆరు నుంచి ఒంటిగంటా తొమ్మిది దాకా బొమ్మ తేటగా ఉంది. ఎవరూ దాటలేదు. ఇంకో దారి మీ ఆఫీసు వరండా. ఆ రోజు ఆఫీసులో మీరూ ఆయనా తప్ప ఇంకెవరున్నారు?"

మేనేజర్ మళ్ళీ చొక్కా చేయి మడవసాగాడు.

"స్టోర్ కీపర్ లోపలి నుంచి ఫోన్ చెయ్యడానికి ప్రయత్నించాడు. ఇనుప గోడలు, సిగ్నల్ లేదు. ఒక్కటీ కలవలేదు. మొదటి ప్రయత్నం ఒకటీ ముప్పై నాలుగుకి. పదకొండూ యాభైకి ఇరుక్కున్న మనిషి అంతసేపు ఎందుకు ఆగుతాడు? ఒకటీ ముప్పై నాలుగు నుంచి రెండూ ఐదు దాకా తొమ్మిదిసార్లు చేశాడు. తొమ్మిదీ మీ నంబరుకే."

యజమాని మేనేజర్ వైపు తిరిగాడు. "బావా?"

ఆ ఒక్క పిలుపుకి మేనేజర్ భుజాలు జారిపోయాయి.

"స్టాకు చూద్దామని ఇద్దరం వెళ్ళాం," అన్నాడు. "నేను గడప దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. వరండాలోకి వచ్చి మాట్లాడాను. తిరిగి చూస్తే తలుపు తెరిచే ఉంది. ఆయన భోజనానికి వెళ్ళాడనుకుని వేసేశాను. దేవుడి సాక్షిగా కావాలని చెయ్యలేదు."

"లోపలి హ్యాండిల్ గురించి ఆయన మీకు మూడుసార్లు రాసిచ్చాడు."

"చేయిద్దాం అన్నాను."

"అదీ పొరపాటే అనుకుందాం." ఎస్సై గొంతు తగ్గించింది. "రెండూ నలభై తొమ్మిదికి పల్చటి ఆవిరి పట్టింది. రెండూ నలభై ఐదుకి మీరు మళ్ళీ తలుపు తీశారు. ఐదు నిమిషాలు తెరిచే ఉంచారు. ఆ ఐదు నిమిషాలూ ఏం చేశారు?"

మేనేజర్ తలుపు వైపు చూశాడు.

"నిలబడ్డాను," అన్నాడు మేనేజర్. "టేబుల్ మీద ఆయన క్యారియర్ విప్పకుండా ఉంది. అనుమానం వచ్చి వచ్చాను. పెట్టెల పక్కన పడి ఉన్నాడు. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. అయిపోయిందనుకున్నాను. దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. బావగారికి ఏం చెప్పాలి, ఇంట్లో ఏం చెప్పాలి, హ్యాండిల్ సంగతి బయటపడుతుంది, ఇదే తిరుగుతోంది బుర్రలో. ఎలాగూ పోయాడు కదా అని..." ఆగాడు. "వేసేశాను."

"పదో ఫోన్ మూడూ ఆరుకి చేశాడు," అంది ఎస్సై.

మేనేజర్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి జారి కూర్చుండిపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. యజమాని అతని దగ్గరికి వెళ్ళలేదు. తలుపు తెరిచి, లోపలి వైపు విరిగిన హ్యాండిల్‌ని పట్టుకుని నిలబడ్డాడు.

హెడ్ కానిస్టేబుల్ మేనేజర్‌ని లేపి జీపు దగ్గరికి నడిపించాడు.

"ఆ పదోది కూడా ఆయనకేనా మేడం?" వెనక నుంచి బస్తా అడిగాడు. మూడు రోజుల్లో అతను తనంతట తాను మాట్లాడడం అదే మొదలు.

"కాదు. నీకు."

బస్తా ఎదురుగా ఉన్న షెడ్డు వైపు చూశాడు. "అప్పుడు షెడ్డులో పడుకుని ఉన్నాను," అన్నాడు. "అరవై అడుగుల దూరం కూడా లేదు. ఏదైనా చిక్కొస్తే నన్నే పిలిచేవాడు. తిట్టేదీ నన్నే."

"సిగ్నల్ లేదు. నీకు తెలిసే వీలు లేదు."

"అయినా పడుకునే ఉన్నాను కదా మేడం."

ఎస్సై చెప్పాల్సిన మాట ఇంకొకటుంది.

"నిన్ను కొట్టాను," అంది చివరికి. "తెల్లబడిన బొమ్మ సోమవారమే నా ముందుంది. ఎందుకని ఒక్క ప్రశ్న వేసుకోలేదు. నువ్వు దొరికావని పట్టుకున్నాను. తప్పు చేశాను."

బదులు అక్క ఇచ్చింది.

"ఇక్కడ ఎవరున్నారని చెబుతున్నారు మేడం? ఆ రోజు స్టేషన్లో పదిమంది చూశారు. మా వీధివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి మావాడు ఇప్పటికీ హంతకుడే."

ఉద్యోగంలో ఎవరూ ఎస్సైకి ఇలా చెప్పలేదు. "రేపు పది గంటలకి వాడిని తీసుకుని రండి," అంది.

శుక్రవారం పది గంటలకి స్టేషన్ వరండా నిండా జనం. మంగళవారం వచ్చినవాళ్ళని పుస్తకంలో పేర్లు చూసి హెడ్ కానిస్టేబుల్ పిలిపించాడు. "డిపార్ట్‌మెంట్ పరువు పోతుందేమో మేడం," అని పొద్దున్నే ఒకసారి గొణిగాడు కూడా. "పోయింది మంగళవారమే," అందామె.

ఆమె కుర్చీ వదిలి వచ్చి అందరి మధ్యా నిలబడింది. ఇతను నిర్దోషి అని చెప్పింది. నిర్దోషి అని తెలుసుకునే వీలుండి కూడా తాను తెలుసుకోలేదని, మీ అందరి ముందు కొట్టానని, అందుకు మీ అందరి ముందే క్షమించమని అడుగుతున్నానని చెప్పింది. మధ్యలో ఒకసారి మాట తడబడి, మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.

సిబ్బంది ఎవరికి వారు కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

బస్తా అక్క అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది, విన్నారో లేదో అన్నట్టు. తర్వాత తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"పద," అంది. "మధ్యాహ్నం పెద్దాయన ఇంటికి వెళ్ళాలి. ఆయన భార్య ఒక్కతే ఉంది."

మెట్ల దాకా వెళ్ళి బస్తా ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"మీరూ రావాలి మేడం. ఆయన మూడింటి దాకా ఉన్నాడని ఆవిడకి ఎవరో ఒకరు చెప్పాలి. నావల్ల కాదు."

ఎస్సై టోపీ తీసి బల్ల మీద పెట్టి, వాళ్ళ వెనక మెట్లు దిగింది.