చాప పెద్దది, గది చిన్నది

ఏరా అబ్బాయ్, పళ్ళికిలించకు. మీ ఇంట్లోనూ మతిపేటి ఉందిగా? నీ గోడ ఎక్కడుందో పొద్దున్నే చూసుకున్నావా? లేదూ? చిట్టెబ్బాయీ అంతే, చూసుకోలేదు.

కొత్త కోరంగిలో ఇంటికో మతిపేటి. ఇంట్లోవాళ్ళ జ్ఞాపకాలన్నీ అందులోనే. తలా ఒక గది, మధ్యన జరిపే గోడ. గదిలో చాప, చాప మీద జ్ఞాపకాలు. కొత్తవి గోడ వారన పడతాయి. గోడ జరపాలంటే ముందు చాప మడవాలి. మడవకపోతే దాని అంచు పక్క గదిలో ఉండిపోతుంది. అక్కడున్నంతసేపు గుర్తురాదంతే, పోదు. కానీ దాని మీద పక్కవాళ్ళ జ్ఞాపకం పడిందా, కిందది చెరిగినట్టే. ఎవరి చాపైనా గదిలో పట్టకపోతే, పేటి మీది పలకే ఆ సంగతి రాసి చూపిస్తుంది.

మందార చిట్టెబ్బాయికి దూరపు అన్నగారి కూతురు. రేవులో పనికొచ్చి రెండేళ్ళుగా ఆయనింట్లోనే ఉంటోంది. ఆ మధ్యాహ్నం చిట్టెబ్బాయి ఆమె గదిలోకి గోడను జానెడు జరిపాడు, చాప మడవకుండానే. ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టిందో తెలీక వెతుక్కుంటుంటే నవ్వుకుందామని. జరిపి, కునుకు తీశాడు. నిద్రపోయేవాడికి కొత్త జ్ఞాపకాలేం పడతాయి?

లేచేసరికి గుమ్మంలో మందార.

"ఎవరండీ మీరు? మా ఇంట్లో పడుకున్నారేంటి?"

"నేనే! బాబాయినే!"

"నాకు బాబాయిలెవరూ లేరండీ."

చిట్టెబ్బాయి అదిరిపడి లేచాడు. పేటి దగ్గరికి పరుగెత్తాడు. పలక మీద ఏముందో చదవనైనా లేదు. వీపు వణుకుతుండగా గోడను జానెడు వెనక్కి తోశాడు.

వెనకనుంచి మందార పకపకా నవ్వింది. "అడలిపోయావా బాబాయ్! నువ్వు గురక పెడుతుండగానే పలక చూసి గోడ సర్దేశా. ఇన్నాళ్ళకి నా చేతికి చిక్కావు!" నవ్వలేక గడప మీద కూలబడింది.

ఆయన తిరిగి చూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"అబ్బో, మళ్ళీ నా మీదికే తిప్పావా!" ఇంకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. కళ్ళలో బెదురు. అప్పుడు చూసింది పలక. చిట్టెబ్బాయి పేరు కింద ఎర్రగా రాసి ఉంది: చాప పెద్దది, గది చిన్నది.

సర్దిన గోడనే మళ్ళీ తోశాడు. ఈసారి తన గదిలోకి.

మందార నోరు గట్టిగా మూసుకుంది. ఇంకో జ్ఞాపకం పడకూడదని కళ్ళు మూసుకుని, తడుముకుంటూ వెళ్ళి గోడను వెనక్కి లాగింది. ఆయన చాప అంచు ఆయనకి తిరిగొచ్చింది. ఆమెతో గడిచిన రెండేళ్ళూ ఉండాల్సిన చోట, దాని మీద పడి ఉన్నది ఆయన్ని అడలగొట్టి నవ్విన ఆమె జ్ఞాపకమొక్కటే.

చిట్టెబ్బాయి మొహం విప్పారింది.

"బాబాయ్?" అంది మందార, ఆశగా.

"ఇందాక ఎవణ్ణో భలే అడలగొట్టానమ్మా!" కిసుక్కున నవ్వాడు. "వీపంతా వణికిపోయింది పాపం. ఎవడమ్మా వాడు?"