సంతోషికి ఇద్దరు టీచర్లు

"తైయుం తత్త, తైయుం తా" అని మృదుల నోటితో చెబుతోంది. పిల్లల కాళ్ళు మాత్రం పక్క గదిలోంచి వస్తున్న సినిమా పాట బీటుకి పడుతున్నాయి.

కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూలు మూడో అంతస్తులో శనివారం సాయంత్రాలు ఆమె కూచిపూడి నేర్పుతుంది. రెండు వేల పదకొండు జూన్‌లో స్కూళ్ళు తెరిచిన మొదటి శనివారమే పక్క గదిని ఎవరో డాన్స్ మాస్టారుకి ఇచ్చేశారు. ఆమెకి మాటమాత్రమైనా చెప్పలేదు.

పొద్దున వనస్థలిపురంలో ఒక క్లాసు, మధ్యాహ్నం నాగోలులో ఇంకోటి, మధ్యలో రెండు బస్సులు. పోట్లాడే ఓపిక లేకపోయినా మృదుల లేచి వెళ్ళి తలుపు కొట్టింది.

"ఏమండీ, ఆ సౌండ్ కొంచెం తగ్గిస్తారా?"

నల్ల టీషర్టు చెమటతో తడిసిపోయిన మనిషి వెనక్కి తిరిగాడు. "ఏంది మేడమ్? ఇనవడ్తలేదు!"

"నా బాధా అదే! నా గొంతు నాకే వినపడ్డం లేదు!"

పిల్లలంతా గొల్లుమన్నారు. అతను పాట ఆపేసి నవ్వాడు. "నా పేరు మహిపాల్. మీ పిల్లలు మస్తు చేస్తున్నరు మేడమ్. ఇప్పుడే తొంగి చూసిన."

"వాళ్ళు చేస్తున్నది మీ పాటకి."

"గట్లనా? అయితే నేను మంచిగ నేర్పుతున్నట్టే గదా!"

చివరికి ఒప్పందం కుదిరింది. మొదటి అరగంట అతను పాట లేకుండా వ్యాయామాలు చేయించాలి. రెండో అరగంట ఆమె చప్పుడు అక్కర్లేని హావభావాలు నేర్పుకోవాలి. ఆ పైవారం నుంచి ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు గడియారం చూసుకుంటూ పాఠాలు చెప్పారు. క్లాసయ్యాక కింద ఇరానీ హోటల్లో చాయ్ తాగడం ఎప్పుడు అలవాటైందో ఇద్దరికీ గుర్తులేదు.

మృదులకి ఇరవై ఎనిమిదేళ్ళు. పదహారో ఏట రంగప్రవేశం చేసినప్పుడు ఆమె గురువుగారు, "ఈ పిల్ల దేశమంతా తిరుగుతుంది" అన్నారు. తిరుగుతూనే ఉంది, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా. గురువుగారు పోయారు, ఆయన బృందం చెదిరిపోయింది. ఎనిమిదేళ్ళుగా అవే అడుగులు, అదే తాళం, స్కూల్ డే ఫొటో కోసం పిల్లల్ని చేర్పించే అవే తల్లులు. నేర్పడమంటే ఆమెకి గురువుగారు నేర్పిన పద్ధతొక్కటే తెలుసు. చెప్పింది చెయ్యాలి, ప్రశ్న అడక్కూడదు.

ఆగస్టులో ఒక శనివారం మహిపాల్ ఒక పదమూడేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మేడమ్, దీని పేరు సంతోషి. నా క్లాసుల ఉంటది గానీ చెవులు మీ క్లాసుల ఉంటయి. నల్గొండల మూడేండ్లు కూచిపూడి నేర్చుకున్నది. వాళ్ళ నాయిన బక్కయ్య ఆటో నడుపుకోనీకి ఈడికొచ్చిండు, ఈమె డాన్స్ నేర్చుకునుడు బందయింది."

"మీరు నేర్పచ్చుగా?"

"నాకొచ్చింది వేరే. దీనికి కావల్సింది మీ తాన ఉన్నది."

ఢిల్లీవాళ్ళు పద్నాలుగేళ్ళలోపు పిల్లలకిచ్చే నాట్య స్కాలర్‌షిప్పుకి ఆ అమ్మాయి పాత టీచరు దరఖాస్తు పంపిందట. సెలెక్షన్ అక్టోబరులో. వయసు ప్రకారం సంతోషికి అదే ఆఖరి అవకాశం.

మృదుల ఆ పిల్లని చేసి చూపించమంది. మోకాళ్ళు వంచి నిలబడే అరమండిలో లోతు చాలదు, మోచేతులు జారుతున్నాయి. కానీ కాలు నేలని తాకిన ప్రతిసారీ తాళం గడియారంలా పడింది.

"సరే. కానీ నా దగ్గర చేరితే సినిమా స్టెప్పులు మానెయ్యాలి. బయట ఎక్కడా స్టేజీ ఎక్కకూడదు. ఒక్కసారి మాట తప్పినా మళ్ళీ రావద్దు."

"పిల్లను చేర్చుకుంటున్రా మేడమ్, బాండు పేపరు రాపిస్తున్రా?" అన్నాడు మహిపాల్. ఆమె నవ్వలేదు. అతను నవ్వి ఊరుకున్నాడు.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. స్కూళ్ళు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. మృదుల సంతోషిని సరూర్‌నగర్‌లోని తన ఇంటి మేడ మీదకి రమ్మంది. రోజూ మహిపాల్ బండి మీద దింపేవాడు. దింపి వెళ్ళిపోతాడనుకుంటే నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చునేవాడు.

ఆమె తండ్రి మల్లికార్జునరావు తెనాలి వైపు మనిషి. బ్యాంకులో రిటైరై, పొద్దున్నే పేపరు చదివి, "విజయవాడ వెళ్ళిపోదామా అమ్మా?" అని రోజుకోసారి అడుగుతున్నాడు.

"ఆ అబ్బాయి సభల్లో ఆడేవాడట కదా?" అన్నాడొకరోజు.

"అవును నాన్నా. ఉద్యమం పాటల ధూంధాంలలో."

"మనల్ని పొమ్మనేవాళ్ళతో మనకేం పని?"

మెట్ల మీద ఉన్న మహిపాల్ ఆ మాట విన్నాడు. "సార్, మేము అడిగేది రాష్ట్రం. మిమ్మల్ని పొమ్మని నేనెప్పుడన్న? మీరు పోతే ఈ పిల్లకు టీచర్ ఏడ దొర్కుతది?" అన్నాడు నెమ్మదిగా.

మల్లికార్జునరావు పేపరు మడిచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మేడ మీదకి మూడు గ్లాసుల మజ్జిగ పంపించాడు.

సెలెక్షన్ కోసం మృదుల ఎంచుకున్నది మన్ను తిన్న కృష్ణుణ్ణి యశోద గదమాయించే ఘట్టం. సంతోషి చేతులన్నీ సరిగ్గా పెట్టింది. మొహం మాత్రం చెక్కబొమ్మలా ఉంది. "మళ్ళీ" అంది మృదుల. పదకొండుసార్లు మళ్ళీ అంది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మేడమ్, నేనొక్క ముచ్చట అడగాల్నా?" అని మహిపాల్ లేచొచ్చి సంతోషి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీ తమ్ముడు మన్ను తిన్నడనుకో. మీ అమ్మ ఏం జేస్తది?"

"ఫస్టు ఒక్కటేస్తది."

"తర్వాత?"

"నోట్లె ఏలు పెట్టి మన్ను తీస్తది. కడుపు నొస్తదేమోనని తర్వాత ఆమెనే ఏడుస్తది."

"గదే చెయ్యి. చేతులు మేడమ్ చెప్పినట్టే ఉండాలె."

సంతోషి చేసింది. కొట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. పిల్లాడి గడ్డం పట్టుకుంది. కళ్ళు ముందు ఉరిమి, తర్వాత బెదిరి, తర్వాత చెమ్మగిల్లాయి.

మృదుల చేతిలోని తాళం కర్ర ఆగిపోయింది. ఎనిమిదేళ్ళలో తను ఏ పిల్లనీ ఒక్క ప్రశ్న అడగలేదు.

అంతలో వాన వచ్చింది. సంతోషి తడుస్తూ గెంతులేస్తుంటే పెద్దవాళ్ళిద్దరూ ట్యాంకు పక్కన రేకు కిందకి చేరారు. ఒకళ్ళకొకళ్ళు తగలకుండా నిలబడడానికి అక్కడ చోటు చాలదు. ఇద్దరూ శ్రద్ధగా వాననే చూశారు.

"ఇలా నేర్పడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"నాకెవరు సరిగ నేర్పలే మేడమ్. నాకెట్ల చెప్తే సమజయ్యేదో, పిల్లలకు గట్ల చెప్త." అతను చెయ్యి చాచి చినుకులు పట్టుకున్నాడు. "టీవీ షోలకు నాలుగుసార్లు పోయిన. నాలుగోసారి అర నిమిషానికే 'నెక్స్ట్' అన్నరు. వయసు ఎక్కువైందట. ఇరవై ఏడుకే."

"నాకు ఇరవై ఎనిమిది. నన్ను 'నెక్స్ట్' అనే వాళ్ళు కూడా లేరు."

అతను తలతిప్పి చూశాడు. ఆమె కూడా. ఈసారి వాన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

సెలెక్షన్ ఇంక నాలుగు రోజులుందనగా సంతోషి కుడి పాదానికి కట్టుతో మెట్లెక్కింది.

"ఏమైంది?"

పిల్ల తలొంచుకుంది. వెనకే వచ్చిన మహిపాల్ చెప్పాడు. "నిన్న ఎల్బీనగర్ల ధూంధాం అయింది మేడమ్. స్టేజీ కాడ గాజుపెంకు గుచ్చుకున్నది. నేనే తీస్కపోయిన."

మృదుల మొహం ఎర్రబడింది. "మీ ఉద్యమానికి నా శిష్యురాలి కాళ్ళే కావలసి వచ్చాయా? దీనికి ఇదే ఆఖరి అవకాశమని తెలిసీ తీసుకెళ్ళారా?"

"తప్పయింది."

"దాన్ని దింపేది మీరు కాబట్టి ఇన్నాళ్ళూ పైకి రానిచ్చాను. ఇక రాకండి."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు సంతోషిని తీసుకుని ఆమె తల్లి ముత్తమ్మ వచ్చింది. పిల్లని మేడ మీదకి పంపి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. "మేడమ్, మహిపాల్‌ను ఏమనకున్రి. ఆయన వద్దనే చెప్పిండు. ఈ పోరే వాళ్ళ నాయినతోని పోయి, పాట ఇనంగనే చెప్పులు ఇడిచి ఎక్కింది. ఈమెను చూసి ఆయన ఆట ఆపి ఉరికొచ్చిండు. ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయిండు."

"మరి తనే తీసుకెళ్ళానన్నాడేం?"

"మాట తప్పితే రావద్దని మీరన్నరట గదా. పిల్లను మాన్పిస్తరని, ఆయన మీదేసుకున్నడు."

మృదుల అక్కడే స్టూలు మీద కూలబడింది. అబద్ధమాడింది అతనే, కానీ ఆడించింది తన షరతు. పైన సంతోషి ఒంటికాలి మీద బరువేసి చేతులు అభ్యాసం చేసుకుంటోంది. మృదుల పైకెళ్ళి, "బాగా నొప్పిగా ఉందా?" అని అడిగింది. ఆ పిల్ల భోరుమంది.

మహిపాల్‌కి ఫోన్ చెయ్యడానికి మాత్రం ఆమెకి సెలెక్షన్ రోజు పొద్దున దాకా ధైర్యం చాలలేదు. ఆ రోజు ఆటోలు కూడా బందు.

"మహిపాల్ గారూ, సంతోషిని కోఠి తీసుకెళ్ళాలి. మీ బండి..."

"కిందనే ఉన్న మేడమ్."

కిటికీలోంచి చూసింది. నిజంగానే గేటు ముందు ఉన్నాడు.

మలక్‌పేట దగ్గర రోడ్డంతా ఊరేగింపు. బండి ఒక పక్కన పెట్టేశారు. గాయమైన కాలితో నడిపించకూడదని అతను సంతోషిని వీపున ఎక్కించుకున్నాడు. పట్టుబట్టలు, జడకుచ్చులు, కళ్ళకి కాటుకతో ఆ పిల్ల జెండాల మధ్యనుంచి తేలుతున్నట్టు వెళ్ళింది.

"జర తొవ్వ ఇయ్యున్రి! పిల్లకు పరీక్ష ఉన్నది!" అని అరిచాడు మహిపాల్.

"ఏం పరీక్షనే?" అన్నాడెవరో.

"డాన్స్ పరీక్ష!"

జనం నవ్వుతూ రెండుగా చీలి దారిచ్చారు. కొందరు చప్పట్లు కొట్టారు. గజ్జెల సంచి గుండెకి హత్తుకుని మృదుల వెనకే నడిచింది.

హాల్లో సంతోషి యశోద అయినప్పుడు ముగ్గురు పరీక్షకులూ రాసుకోవడం ఆపి చూశారు. తర్వాత వేగంగా అడుగులు వెయ్యాల్సిన చోట కట్టు తడిసి ఎర్రబడింది. మధ్యలోనే ఆపించారు.

"మొహంలో ప్రాణం ఉందమ్మా" అంది పెద్దావిడ. "నృత్తంలో అడుగులు పూర్తిగా చూడలేకపోయాం."

స్కాలర్‌షిప్పు ఇక రాదని మృదులకి అర్థమైంది. బక్కయ్య ఎవరిదో సైకిలు తొక్కుకుంటూ వచ్చి కూతుర్ని కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. మిగిలిన ఇద్దరూ మలక్‌పేట దాకా నడిచారు. బండి చక్రాల్లో ఎవరో గాలి తీసేశారు.

"ఉద్యమకారుడి బండికే గాలి తీశారే!" అంది మృదుల.

"బండి మీద రాసుకోలే మేడమ్."

నవ్వొచ్చింది. అతను బండి తోస్తున్నాడు, ఆమె పక్కన నడుస్తోంది. ఎప్పుడూ కాలు పెట్టడానికి చోటుండని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మిట్టమధ్యాహ్నం ఖాళీగా పడి ఉంది. షట్టర్లన్నీ దించేశారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద కుక్కలు నిద్రపోతున్నాయి. ఇద్దరూ డివైడర్ మీద చతికిలబడ్డారు.

"అలిసిపోయారా?"

"మస్తు."

"నేనూ అంతే. ఎనిమిదేళ్ళుగా." గజ్జెల సంచి పక్కన పెట్టి అంది. "ఆ రోజు అన్నన్ని మాటలు అన్నాను. క్షమించండి."

"మీరు తిట్టినా మంచిగనే ఉంటది. ఒకటి చెప్పాలె మేడమ్, కోపం చెయ్యరు గదా?"

"కోప్పడే ఓపిక లేదు."

"గందుకే ఇప్పుడు చెప్తున్న. మీరంటే నాకు ఇష్టం. మీరు అలిసిపోయినప్పుడు పక్కన కూసోవాలని ఉన్నది. ఇయ్యాల ఒక్కరోజు కాదు, రోజూ."

మృదుల కాళ్ళు చాపి కూర్చుంది. ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకున్న బడలిక మొదటిసారి కాస్త కిందకి దిగినట్టనిపించింది.

"మేడమ్ అని పిలుస్తూ ఎవరైనా ప్రేమిస్తారా?"

"మరేమని పిలవాలె?"

"నాకో పేరుంది."

"మృదులా" అన్నాడు. అని, సిగ్గుపడి లేచి మళ్ళీ బండి తోయడం మొదలుపెట్టాడు.

నవంబరులో లిస్టు వచ్చింది. సంతోషి పేరు లేదు. ఆ పిల్ల ఏడ్చింది. మృదుల కళ్ళు తుడిచి, "స్కాలర్‌షిప్పు పోయింది, కాళ్ళు పోలేదుగా. సర్టిఫికెట్ పరీక్షలున్నాయి, పోటీలున్నాయి. ఒక్కోటీ చూద్దాం. శనివారం రా" అంది. ఆ శనివారం నుంచి మూడో అంతస్తులో రెండు గదుల పిల్లల్నీ కలిపేశారు. ఒక వారం అతను ప్రశ్నలడిగితే ఆమె దిద్దేది, ఇంకో వారం ఆమే అడిగేది.

మహిపాల్ వచ్చి పెళ్ళి విషయం చెప్పిన రోజు మల్లికార్జునరావు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"మావాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. మీవాళ్ళు ఏమంటారో నీకు తెలుసు. ఇద్దరం కలిసే విందాంలే, కూర్చో" అన్నాడు. విజయవాడ మాట ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి మే నెలలో సరూర్‌నగర్‌లోనే పెళ్ళి. బక్కయ్య, ముత్తమ్మ ముందు వరసలో కూర్చున్నారు. మంటపం ఎదుట సంతోషి నాట్యానికి లేచింది. యశోద ఘట్టం అయింది, వేగం అందుకుంది. ఈసారి అడుగు ఎక్కడా ఆగలేదు. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక, "మోచెయ్యి పైకే!" అని గట్టిగా అరిచింది.

పురోహితుడు మంత్రం ఆపేశాడు. పందిరంతా నవ్వులు.

పెళ్ళికొడుకు ఆమె వైపు వంగి నెమ్మదిగా అన్నాడు. "జర పెండ్లి కానియ్యి మృదులా. రేపు శనివారమే గదా, దిద్దుదువు."