మెడ తెరవని రవిక

ఇంతవరకు ఈ మాట నోటితో ఎవరి దగ్గరా అనలేదు. ఆంటిగ్వా పట్నంలో ఓ గ్యాలరీ వెనక గదిలో, నా పేరు కింద వేలాడుతున్న నాలుగో రవిక నేను నేసింది కాదు.

ఆ గదికి ఎప్పటినుంచో చెడ్డపేరుంది. ఒకప్పుడు అది అద్దకాల కొట్టమట. నీలిమందు తొట్టిలో ఓ పనిపిల్ల పడిపోయిందని, పైకి తీసేసరికి జుట్టు కుదుళ్లదాకా నీలమైపోయిందని కాపలా ఉండే చెపె మామ చెప్పాడు. ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడట. పొద్దుగూకితే మామ ఆ వైపుకి పోడు. పోక తప్పకపోతే దెయ్యం సోకకుండా చెవిలో సదాపాకు రెమ్మ పెట్టుకుని పోతాడు.

మా ఊరు కొమలాపాలో ఆడవాళ్లం నడుముకి మగ్గం కట్టుకుని నేసుకునే రవికల్ని విపీల్ అంటాం. నావి మూడు ఆ గదిలో పెట్టారు. మూడూ కుదురుగానే ఉన్నాయి. నాలుగోదే...

ప్రదర్శన మొదలైన మర్నాడు పొద్దున చూస్తే అది తిరగేసి ఉంది. లోపలి వైపు బయటికొచ్చి, ముళ్లూ వేలాడే పోగులూ అన్నీ కనబడుతున్నాయి.

సరిచేశాను. మర్నాడు మళ్లీ అంతే. ఆ మర్నాడూ అంతే.

"దానికి నువ్వు నచ్చలేదులే అమ్మాయ్," అన్నాడు మామ. నవ్వాడు గానీ, చెయ్యి చెవి దగ్గరకి పోయింది.

ముందు నాకు మామ మీదే అనుమానం. తర్వాత గ్యాలరీ యజమానురాలి మీదకి పోయింది. దెయ్యం పేరు చెబితే పత్రికలవాళ్లు వస్తారని తనే చేస్తోందేమో! ఆ రవికకి మెడ కత్తిరించి లేదు. 'నొక్కేసిన స్త్రీ గొంతు' అని ఆవిడ పక్కనే చీటీ అంటించింది. వచ్చినవాళ్లు ఆ చీటీ ముందు తలలూపుతూ నిలబడేవాళ్లు. ఒకాయన కొనేశాడు కూడా. అమ్ముడైనట్టు ఎర్ర చుక్క అంటించారు. శుక్రవారం పట్టుకుపోతాడు.

అన్నిటికంటే పెద్ద అనుమానం వేరే ఉంది. నా సంగతి ఎవరికో తెలిసిపోయింది.

ఆ రవిక మా పెద్దమ్మ ఫెలిసియానాది. నన్ను పెంచింది ఆవిడే. ఈస్టర్ తర్వాత మంచం పట్టింది. నావి మూడూ చూసి యజమానురాలు, బాగానే ఉన్నాయి గానీ చూడగానే ఊపిరి ఆగేలాంటిది ఒక్కటీ లేదంది. ఆ వారం ఊరెళ్లి, పెద్దమ్మ నిద్రలో ఉండగా ఆవిడ పెట్టె తెరిచాను. అది ఎలాంటి రవికో నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా "నా రవిక భద్రమేనా?" అని అడిగేది. భద్రమే అనేదాన్ని. ఆ ప్రశ్న వినలేక ఆదివారం నుంచి ఫోన్ చేయడమే మానేశాను.

బుధవారం గ్యాలరీ మూసే వేళకి ఖాళీ చెక్కపెట్టెల వెనక నక్కి కూర్చున్నాను. ఎవరో తేల్చుకోవాలి.

కిటికీలో వెలుగు పోయింది. మామ ముందు తలుపు గడియ వేసిన చప్పుడు... తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

అప్పుడు... రవికని వేలాడదీసిన వెదురు కర్ర దాని చేతుల్లోంచి జారుతున్న చప్పుడు.

చీకటికి కళ్లు అలవాటు పడ్డాయి. రవిక గోడకి లేదు. గది మధ్యలో నిలబడి ఉంది. నిండుగా, లోపల మనిషి ఉన్నట్టు. చూస్తుండగానే రెండు పక్కల నుంచీ రెండు చేతులు బయటికొచ్చాయి. ముసలి చేతులు. పైన...

పైన తల లేదు.

వెనక్కి జరగబోయాను. మోకాలు పెట్టెకి తగిలింది. ఆ చేతులు ఆగిపోయాయి. రవిక మెల్లగా పైకి లేచింది. దాని కిందనుంచి నెరిసిన జడ, చెమటపట్టిన ముఖం, కాళ్ల దగ్గర నీళ్ల బకెట్టు.

గదులు తుడిచే ఎర్లిందమ్మ. లోపల దూరి, రవికని తిరగేస్తోంది.

"జడిసావా తల్లీ?" అంది గుసగుసగా. "నేను నీకంటే ఎక్కువ జడిసాను."

ఎందుకిలా అని అడిగాను. వాళ్ల ఊరు పట్సూన్‌లోనూ ఆచారం ఇదేనట. మెడ తెరవని రవిక అంటే నేసిన మనిషి తన చావుకి దాచుకున్నది. ఊపిరి పోయాక ఇంటివాళ్లే మెడ కత్తిరించి తొడుగుతారు. అందాకా దాని ముఖం, అంటే పైవైపు, పరాయివాళ్లు చూడకూడదు. పగలంతా ఎలాగూ చూస్తున్నారు, రాత్రన్నా ముఖం దాచుకోనీ అని తిప్పుతోందట.

"ఎవరిదిది?" అని అడిగింది.

"నాదే."

"నీ వయసుకే దాచుకున్నావా?" అంది. చీటీ వైపు చూసింది, నా వైపు చూసింది. "ఆవిడ బతికే ఉందా?"

ఉందన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు. మాట మార్చడానికి, రోజూ మీరేనా అని అడిగాను.

"రోజూ నేనే. నిన్నొక్కటే రాలేదు. మోకాలు వాచి ఇంట్లోనే పడున్నాను."

నిన్న సాయంత్రం అది సరిగ్గానే ఉందని నా కళ్లతో చూసే పోయాను. ఈ పొద్దున వచ్చి చూస్తే తిరగేసే ఉంది.

ఆ మాట చెప్పాను. ఎర్లిందమ్మ రవికని మడతపెట్టి నా చేతుల్లో పెట్టింది. బకెట్టు అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

ఇది రాస్తుంటే రవిక నా ఒళ్లోనే ఉంది. ఎర్ర చుక్క పెట్టినాయన ఏమన్నా అననీ. తీసుకుపోయి ఇచ్చేద్దామంటే ఈ వేళకి మా ఊరికి బస్సులు లేవు. పెద్దమ్మ ఫోను తలగడ కిందే పెట్టుకుంటుంది. ఆవిడే ఎత్తుతుందో... ఇంకెవరైనా ఏడుస్తూ ఎత్తుతారో. ఎవరు ఎత్తినా సరే, దొంగిలించింది నేనేనని ముందు చెప్పేస్తాను. ఆ తర్వాతే మిగతా మాట.

ఫోన్ చేస్తున్నాను.